ఒక్క మెతుకు పట్టుకుంటే సరిపోలేదు: పాన్‌జీనోమ్ కథ

ఈ ఎపిసోడ్‌ని మనందరికీ తెలిసిన ఒక సామెతతో మొదలుపెడతాను. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి గిన్నె అంతా కెలకక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు అంటారు మన పెద్దవాళ్ళు. వంటింట్లో ఇది నిజమే. ఒకే బియ్యం, ఒకే ఎసరు, ఒకే మంట. ఒక మెతుకు ఉడికిందంటే మిగతావీ ఉడికినట్టే.

జన్యుశాస్త్రం కూడా చాలా ఏళ్ళు ఇదే సామెత మీద నడిచింది. ఒక్క వరి రకం డీఎన్‌ఏ చదివేస్తే వరి సంగతి తెలిసిపోతుంది, కొద్దిమంది మనుషుల డీఎన్‌ఏ చదివేస్తే మనిషి సంగతి తెలిసిపోతుంది అనుకున్నారు. అది పూర్తిగా తప్పు కాదు. కానీ ఆ ఒక్క మెతుకులో లేనివి చాలా ఉన్నాయని తర్వాత బయటపడింది. వాటిలో కొన్ని రైతు పంటని నిలబెట్టేవి, కొన్ని మన గుండెకి సంబంధించినవి. అది ఎలా తెలిసిందో ఈ రోజు చెప్పుకుందాం. ఈ కథ పేరు పాన్‌జీనోమ్.

పాన్ అనగానే పాన్ కార్డు గుర్తొస్తుందేమో. అది కాదు. పాన్ ఇండియా సినిమా అంటాం చూడండి, ఆ పాన్. గ్రీకు భాషలో ఆ మాటకి 'అంతా', 'మొత్తం' అని అర్థం. జీనోమ్ అంటే ఒక జీవి కణంలో ఉండే మొత్తం డీఎన్‌ఏ. ఏ, సీ, జీ, టీ అనే నాలుగే నాలుగు అక్షరాలతో రాసిన పొడవాటి రాత అనుకోండి. మనిషిది దాదాపు 300 కోట్ల అక్షరాలు. మరి పాన్‌జీనోమ్? ఒక జాతిలో ఎన్ని రకాలున్నాయో అన్నిటి డీఎన్‌ఏనీ కలిపి చూస్తే వచ్చే మొత్తం. అందులో కొంత అందరిలోనూ ఉంటుంది. కొంత కొందరిలోనే ఉంటుంది. ఈ రెండోదే మన కథకి అసలు విషయం.

ముందు ఆ 'ఒక్క మెతుకు' ఎక్కడిదో చూద్దాం.

1997 మార్చిలో అమెరికాలోని బఫెలో అనే ఊళ్ళో, బఫెలో న్యూస్ పేపర్లో ఒక ప్రకటన వచ్చింది. మానవ జీనోమ్ ప్రాజెక్టు కోసం 20 మంది వాలంటీర్లు కావాలి అని. ఆ ఊళ్ళోని రాస్‌వెల్ పార్క్ క్యాన్సర్ సంస్థలో పీటర్ డి యాంగ్ అనే శాస్త్రవేత్త ఆ పని చూసేవారు. వచ్చినవాళ్ళ రక్తం తీసుకున్నారు, ఎవరిది ఏదో తెలియకుండా పేర్లు తీసేశారు. అందులో ఒక మగమనిషి నమూనాకి ఆర్‌పీ11 అనే గుర్తు పడింది. ఆయనెవరో ఇప్పటికీ లోకానికి తెలియదు. కానీ ప్రపంచమంతా దశాబ్దాలుగా వాడుతున్న మానవ రిఫరెన్స్ జీనోమ్‌లో దాదాపు 70 శాతం ఆయనదే. మిగతా 30 శాతం ఇంకొందరిది. మొత్తం లెక్కేసినా దాదాపు 20 మంది.

2000 జూన్ 26న వైట్‌హౌస్‌లో అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆ జీనోమ్ మొదటి చిత్తుప్రతి సిద్ధమైందని ప్రకటించారు. 2003లో పని పూర్తయిందన్నారు. అది నిజంగా గొప్ప పనే, అందులో అనుమానం లేదు. కానీ పత్రికలన్నీ 'మనిషి జీనోమ్' అని రాశాయి. నిజానికి అది ఎవరో కొద్దిమంది జీనోముల అతుకు.

సరే, దీనివల్ల నష్టం ఏంటి? ఇక్కడ ఒక చిన్న టెక్నికల్ విషయం చెప్పాలి, చాలా సింపుల్. ఎక్కువగా వాడే మెషిన్లు డీఎన్‌ఏని ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకేసారి చదవలేవు. ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో 100, 150 అక్షరాలు మాత్రమే చదువుతాయి. అలాంటి ముక్కలు కోట్లలో వస్తాయి. చిన్నప్పుడు జిగ్‌సా పజిల్ పెట్టేటప్పుడు అట్టపెట్టె మీద బొమ్మ చూసి ముక్కలు పేర్చేవాళ్ళం కదా, ఇక్కడ ఆ బొమ్మే రిఫరెన్స్ జీనోమ్. మీ డీఎన్‌ఏ ముక్కలు తెచ్చి ఆ బొమ్మ మీద పేరుస్తారు.

మరి మీ దగ్గరున్న ముక్క ఆ బొమ్మలో అసలు లేకపోతే? దాన్ని పక్కన పడేస్తారు. చెత్త అనో, మెషిన్ పొరపాటు అనో అనుకుంటారు. ఒక బిడ్డకి అరుదైన జబ్బు వచ్చిందనుకోండి. డాక్టర్లు జీనోమ్ టెస్ట్ చేయించారు. కారణం ఆ పక్కన పడేసిన ముక్కలో ఉంటే రిపోర్టులో ఏమొస్తుంది? 'ఏమీ కనపడలేదు' అని వస్తుంది. అక్కడ ఏమీ లేక కాదు, వెతికే చోటు బొమ్మలో లేక. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ఈ సమస్యని అంకెల్లో మొదట చూపించింది మనిషీ కాదు, మొక్కా కాదు. ఒక బ్యాక్టీరియా. గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అంటారు. పుట్టిన పిల్లలకి ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్లు తెస్తుంది. దానికి టీకా చేయాలని ఒక బృందం పని చేసింది. అందులో అమెరికాకి చెందిన టైగర్ అనే జీనోమ్ సంస్థలోని హెర్వే టెట్‌లిన్, ఇటలీలోని సియెనాలో టీకాల మీద పనిచేసే రీనో రాప్పువోలి లాంటి వాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఒక రకంతో ఆగకుండా 8 రకాల జీనోములు పక్కపక్కన పెట్టి చూశారు. ఏ ఒక్క రకం తీసుకున్నా, అందులో దాదాపు 80 శాతం జన్యువులు మాత్రమే మిగతా అన్నిటిలోనూ ఉన్నాయి. మిగిలినవి కొన్నిటిలో ఉన్నాయి, కొన్నిటిలో లేవు. ఇంకా ఆశ్చర్యం ఏంటంటే, కొత్త రకం చదివిన ప్రతిసారీ కొత్త జన్యువులు వస్తూనే ఉంటాయని లెక్క తేలింది. వందల రకాలు చదివినా అడుగు కనపడదు.

2005లో వచ్చిన ఆ పేపర్‌తోనే పాన్‌జీనోమ్ అనే మాట వాడుకలోకి వచ్చింది. టీకా కోణంలో చూస్తే దీని అర్థం సూటిగా ఉంది. ఒక్క రకాన్ని చూసి టీకా తయారుచేస్తే, ఇంకో రకం సోకిన బిడ్డని అది కాపాడలేకపోవచ్చు.

సరిగ్గా అదే 2005లో ఇంకో పెద్ద వార్త వచ్చింది. వరి జీనోమ్ పూర్తయింది. జపాన్ ముందుండి నడిపిన ఆ అంతర్జాతీయ ప్రాజెక్టులో మన దేశం కూడా ఉంది. 11వ క్రోమోజోమ్‌లో కొంత భాగం చదివే పని ఇండియాది. దాదాపు 39 కోట్ల అక్షరాలు తేలాయి. చదివిన రకం పేరు నిప్పన్‌బరే. ఇది జపాన్ వరి, జపోనికా కోవకి చెందింది. మనం తినే రకాలు ఎక్కువగా ఇండికా కోవవి. అయినా వరి అంటే వరే కదా అనుకున్నారు.

ఇప్పుడు ఒక్కసారి ఒడిశాకి వెళ్దాం. అక్కడ పల్లపు పొలాల్లో వరదలు మామూలే. పైరు రోజుల తరబడి నీళ్ళ కింద ఉండిపోతుంది. మామూలు వరి ఏం చేస్తుందంటే, నీళ్ళ పైకి తల ఎత్తాలని గబగబా పొడుగు సాగుతుంది. ఆ ప్రయత్నంలో దాచుకున్న శక్తంతా ఖర్చయిపోయి చచ్చిపోతుంది. కానీ ఒడిశా రైతుల దగ్గర ధాల్‌పుట్టియా అనే పాత నాటు రకం ఉండేది. అది నీళ్ళలో మునిగినా తట్టుకునేది. 1940లలో శాస్త్రవేత్తలు అందులోంచి ఒక వంగడాన్ని ఏరి తీశారు. దాని పేరు ఎఫ్‌ఆర్13ఏ. ఎఫ్‌ఆర్ అంటే వరదని తట్టుకునేది అని.

దాని రహస్యం తెలుసుకోవడానికి అర్ధ శతాబ్దం పట్టింది. 1996లో కెనాంగ్ షూ, డేవిడ్ మాకిల్ అనే శాస్త్రవేత్తలు ఆ గుణం 9వ క్రోమోజోమ్‌లో ఒక చోట ఉందని పట్టుకున్నారు. 2006లో, పమేలా రోనాల్డ్, జూలియా బెయిలీ సెర్రెస్ వాళ్ళతో కలిసి, అసలు జన్యువునే బయటపెట్టారు. దాని పేరు సబ్1ఏ. నీళ్ళు ముంచేసినప్పుడు అది మొక్కతో 'తొందరపడకు, ఎదగడం ఆపు, ఊపిరి బిగబట్టి కూర్చో' అన్నట్టు చేస్తుంది. నీళ్ళు తీశాక మొక్క మళ్ళీ చిగురిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం వినండి. అప్పటికే పూర్తయిన నిప్పన్‌బరే జీనోమ్‌లో సబ్1ఏ లేదు. దాని పక్కన ఉండే సబ్1బీ ఉంది, సబ్1సీ ఉంది. కావాల్సినది మాత్రం లేదు. అక్షరం తేడాగా ఉండటం కాదు, జన్యువుకి జన్యువే లేదు. వరి జీనోమ్ అంటే నిప్పన్‌బరే మాత్రమే అనుకుని అందులోనే వెతికితే అది ఎప్పటికీ దొరికేది కాదు. వరదని తట్టుకునే రకం దగ్గరికే వెళ్ళి, ఆ చోట ఏముందో చదివితేనే దొరికింది.

ఇక్కడ మన గోదావరి జిల్లాలకి నిజమైన సంబంధం ఉంది. పశ్చిమ గోదావరి మార్టేరు పరిశోధనా కేంద్రంలో పుట్టిన ఎంటీయూ 7029, అదే మన స్వర్ణ, తూర్పు భారతం అంతా పాకింది. ఒడిశా, బెంగాల్, బీహార్, బంగ్లాదేశ్ దాకా రైతులు వేశారు. దిగుబడి బాగుంటుంది, కానీ మునిగితే పోతుంది. అందుకే ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో సబ్1 ఉన్న ముక్కని స్వర్ణలోకి సంకరం ద్వారా ఎక్కించారు. ఆ పద్ధతి మీద 2007లో వచ్చిన పేపర్లో మొదటి పేరు సి.ఎన్. నీరజ గారిది, హైదరాబాద్ వరి పరిశోధనా సంస్థ శాస్త్రవేత్త. 2009లో స్వర్ణ సబ్1 మన దేశంలో విడుదలైంది. రెండు వారాల దాకా మునిగి ఉన్నా తట్టుకుంటుంది, తినడానికి స్వర్ణలానే ఉంటుంది. ఒడిశా రైతులు కాపాడిన గుణం, మార్టేరు వరిలో చేరి, మళ్ళీ ఒడిశా పొలాలకే వెళ్ళింది.

ఇదొక్కటే అయితే ఏదో కాకతాళీయం అనుకోవచ్చు. 2012లో ఇంకోటి దొరికింది. భాస్వరం తక్కువున్న నేలలో కూడా వేర్లు బాగా పెంచే పీఎస్‌టీఓఎల్1 అనే జన్యువు. అది మన దేశపు కసలత్ అనే పాత రకంలో ఉంది. నిప్పన్‌బరేలో? అక్కడా లేదు. రెండోసారి కూడా అదే కథ. అప్పుడిక ప్రశ్న మారింది. ఇలా ఇంకెన్ని వదిలేశాం?

2018లో దానికి జవాబు వచ్చింది. 89 దేశాల నుంచి తెచ్చిన 3,010 వరి రకాల జీనోములు కలిపి చూస్తే, రిఫరెన్స్‌లో లేని కొత్త జన్యువులు 10,000కి పైగా తేలాయి. 2019లో టమాటా వంతు. టమాటాకి రిఫరెన్స్‌గా వాడిన రకం పేరు హైంజ్ 1706, అవును, కెచప్ హైంజే. 725 రకాలు చూస్తే అందులో లేని జన్యువులు 4,873 దొరికాయి. రుచికి సంబంధించిన ఒక జన్యువు ఉంది, దాని అరుదైన రూపం అడవి టమాటాల్లో 91 శాతం వాటిలో ఉంది. మనిషి పెంచిన పాత రకాల్లో 2 శాతం వాటిలోనే మిగిలింది. కాయ సైజు, దిగుబడి చూసుకుంటూ తరతరాలుగా విత్తనం ఏరుకున్నాం, ఆ సందులో రుచి జారిపోయింది. ఈ మధ్య పెంచిన రకాల్లో అది మళ్ళీ కాస్త పెరిగింది.

ఇక మన ఊరి పక్కనే జరిగిన పని. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది కదా. ఆ సంస్థ ముందుండి రాజీవ్ వార్ష్ణేయ నాయకత్వంలో 3,366 శనగ రకాల జీనోములు చదివారు. 2021లో ఫలితం వచ్చింది. శనగ పాన్‌జీనోమ్‌లో మొత్తం 29,870 జన్యువులు, అందులో 1,582 అంతకుముందు లెక్కలో లేనివి. ఈ పని సాధ్యమైందంటే కారణం మెషిన్లు మాత్రమే కాదు. పటాన్‌చెరు విత్తన బ్యాంకులో లక్షకి పైగా నమూనాలు చలి గదుల్లో భద్రంగా ఉన్నాయి. ఎవరో రైతు దాచింది, ఎవరో ఊరూరా తిరిగి సేకరించింది. అది లేకపోతే చదవడానికి ఏముంటుంది?

ఇప్పుడు మళ్ళీ మనిషి దగ్గరికి వద్దాం. మొక్కల్లో ఇంత తేడా ఉంటే మనుషుల్లో? ఇక్కడ ఒక జాగ్రత్త. మనుషులం ఒకరితో ఒకరం చాలా చాలా దగ్గర. వరి రకాల మధ్య ఉన్నంత తేడా మన మధ్య లేదు. అయినా తేడాలు లేవని కాదు. అన్నం నమిలితే తీపి తగిలేలా చేసే ఎంజైమ్ మన లాలాజలంలో ఉంది. దాని జన్యువు కాపీలు కొందరికి రెండే ఉంటే, కొందరికి పది దాటి ఉంటాయి. ఒక్క బొమ్మలో ఇది ఎలా చూపిస్తారు?

2018 చివర్లో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో రేచల్ షెర్మన్, స్టీవెన్ సాల్జ్‌బర్గ్ వాళ్ళు ఒక పని చేశారు. ఆఫ్రికా మూలాలున్న 910 మంది జీనోముల్లో, రిఫరెన్స్ మీద పేర్చలేక పక్కన పడేసిన ముక్కలనే ఏరి అతికించారు. దాదాపు 30 కోట్ల అక్షరాలు వచ్చాయి. రిఫరెన్స్‌లో పదో వంతు అంత! అప్పటిదాకా అవన్నీ చెత్త కింద లెక్క.

2022లో ఇంకో అడుగు పడింది. కారెన్ మీగా, ఆడమ్ ఫిలిప్పీ ముందుండి నడిపిన బృందం మొదటిసారి ఒక మానవ జీనోమ్‌ని ఖాళీ లేకుండా ఈ కొస నుంచి ఆ కొస దాకా చదివింది. అంతకుముందు 8 శాతం దాకా ఖాళీలు ఉండేవి. దీనికి కారణం కొత్త మెషిన్లు. అవి 150 అక్షరాల దగ్గర ఆగకుండా వేలల్లో, ఒక్కోసారి లక్ష దాటి ఒకే ఊపులో చదువుతాయి. ముక్కలు పెద్దవైతే పజిల్ తేలిక, బొమ్మ లేకపోయినా పేర్చొచ్చు.

2023 మేలో తొలి మానవ పాన్‌జీనోమ్ వచ్చింది. 47 మంది. ఒక్కొక్కరికి అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి చొప్పున 94 జీనోములు. పాత రిఫరెన్స్‌తో పోలిస్తే దాదాపు 12 కోట్ల అక్షరాలు అదనంగా చేరాయి. దీంతో వెతికితే డీఎన్‌ఏలోని పెద్ద పెద్ద తేడాలు అంతకుముందుకంటే రెట్టింపు దొరికాయి. దీన్ని రాసే తీరు కూడా వేరు. పాత రిఫరెన్స్ ఒకే గీత. ఇదేమో రైలు పట్టాల మ్యాపు లాంటిది. సికింద్రాబాద్ నుంచి విజయవాడకి కాజీపేట మీదుగా వెళ్ళొచ్చు, నల్గొండ, గుంటూరు మీదుగానూ వెళ్ళొచ్చు. రెండూ అసలైన దారులే. దేన్నీ తప్పు దారి అనం. ఏ మనిషి డీఎన్‌ఏ ఏ దారిలో వెళ్ళినా దానికి ఆ మ్యాపులో చోటు ఉంటుంది. ఈ ప్రాజెక్టు లక్ష్యం 350 మంది.

మరి అందులో మనం ఉన్నామా? ఆ తొలి 47 మందిలో దక్షిణాసియా వాళ్ళు చాలా తక్కువ. దీనికి నమూనాలు ఎక్కువగా వచ్చిన పాత ప్రాజెక్టు ఒకటుంది, 1000 జీనోమ్స్ ప్రాజెక్టు. 2015లో ముగిసేసరికి 26 జనసమూహాల నుంచి 2,504 మంది ఉన్నారు. ఆ 26లో ఒక సమూహం పేరు ఐటీయూ. అంటే ఇండియన్ తెలుగు ఇన్ ది యూకే. అవును, మన తెలుగువాళ్ళే! దాదాపు వంద మంది. ప్రపంచవ్యాప్తంగా వేల పరిశోధనల్లో తెలుగువాళ్ళ డీఎన్‌ఏ అంటే, బ్రిటన్‌లో స్థిరపడి నమూనా ఇచ్చిన ఆ వంద మందే. నేను దీని గురించి మొదటిసారి చదివినప్పుడు గర్వంగా అనిపించింది. కాసేపటికి ఆలోచన వచ్చింది. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా, మన్యం గూడేల నుంచి రాయలసీమ పల్లెల దాకా ఉన్న కోట్లమందికి ఆ వంద మంది సరిపోతారా? మళ్ళీ అదే మెతుకు లెక్క.

ఎందుకు సరిపోదో చెప్పే ఒక ఉదాహరణ హైదరాబాద్ నుంచే ఉంది. గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన రూపం ఒకటుంది. 2009లో సీసీఎంబీకి చెందిన తంగరాజ్, ఇతర శాస్త్రవేత్తలు దానికీ గుండె కండరం జబ్బుకీ సంబంధం చూపించారు. దక్షిణాసియా వాళ్ళలో దాదాపు 4 శాతం మందిలో ఆ రూపం ఉంది. అది ఉన్న ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు, కాబట్టి కంగారు పడకండి. కానీ చూడండి, అది ఎక్కువగా మన ప్రాంతం వాళ్ళలోనే ఉంది. మన పేషెంట్లని మన దగ్గర చూశారు కాబట్టి దొరికింది.

ఇప్పుడు పని సాగుతోంది. 2020లో మొదలైన జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో దేశం మొత్తం మీద దాదాపు 10,000 మంది జీనోములు చదివారు. 2025 జనవరిలో ఆ డేటాని పరిశోధకులకి అందుబాటులోకి తెచ్చారు. ఇది ఇంకా పాన్‌జీనోమ్ కాదు, దానికి పునాది. అసలు ఇల్లు కట్టాలంటే ఆ పొడవాటి చదువుల మెషిన్లతో మనవాళ్ళ జీనోములని కొస నుంచి కొస దాకా చదవాలి. అడిగి, అర్థమయ్యేలా చెప్పి, ఒప్పుకున్నవాళ్ళ దగ్గరే తీసుకోవాలి.

నాకు ఈ మొత్తం చరిత్రలో ఇద్దరు గుర్తుండిపోయారు. ఒకరు బఫెలోలో పేపర్ చూసి రక్తం ఇచ్చిన ఆ పేరు తెలియని మనిషి. ఇంకొకరు ధాల్‌పుట్టియా విత్తనాన్ని ఏటేటా దాచిన ఒడిశా రైతు. ఆయన పేరూ తెలియదు. ఒకరిదాన్ని మనం కొలమానం చేశాం. ఇంకొకరిది ఆ కొలమానంలో లేనే లేదు. వరద వచ్చినప్పుడు మాత్రం పనికొచ్చింది ఆ లేనిదే.

అందుకే రేపు మీ ఇంట్లో ఎవరికైనా జీనోమ్ టెస్ట్ రిపోర్టులో 'ఏమీ కనపడలేదు' అని వస్తే, ఒక ప్రశ్న అడగండి. దేనితో పోల్చి చూశారు? కొన్నేళ్ళ తర్వాత, కొత్త రిఫరెన్స్ వచ్చాక, అదే డేటాని మళ్ళీ చూడొచ్చా? ఇది మీరు డాక్టర్‌ని అడగదగిన ప్రశ్నే.

మీ ఊళ్ళో, మీ తాతల కాలంలో వేసి ఇప్పుడు కనపడని వరి రకం ఏదైనా ఉంటే, దాని పేరు పెద్దవాళ్ళని అడిగి కామెంట్లలో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.